అద్దం కింద ఆ మీట ఎందుకో ఎవరూ చెప్పరా?

సంపాదకుల వారికి,

మా అమ్మ నరసన్నపేటలో ఉంటుంది, నా ఉద్యోగం విజయనగరంలో. శనివారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే నాతవలస దగ్గర హైవే ఎక్కేసరికే చీకటి పడిపోతుంది, ఇక అక్కడి నుంచి వెనక వచ్చే లారీలు, బస్సుల హైబీమ్ అంతా కారు లోపలి అద్దంలోంచి నేరుగా కళ్లలో పడుతుంది. మూడేళ్లు అలాగే నడిపాను. టెన్షన్ పట్టలేక అద్దాన్ని చేత్తో పైకి తిప్పేసేవాణ్ణి, అంటే రణస్థలం దాకా వెనక ఏం వస్తోందో చూడకుండానే వెళ్లేవాణ్ణి.

మొన్న సర్వీసింగ్‌కి ఇస్తే మెకానిక్ కుర్రాడు 'ఏటి సార్, ఇన్నాళ్లూ దీన్ని వాడలేదా?' అంటూ అద్దం కింద చిన్న మీట కదిపి చూపించాడు. ఆ గాజు మామూలు అద్దంలా ఒకే మందంలో ఉండదట, ఒక అంచు మందం, ఇంకో అంచు పల్చన. పగలు మనకు కనిపించేది గాజు వెనకున్న పూత మీద నుంచి తిరిగొచ్చే వెలుగు. మీట కదిపితే అద్దం కాస్త వాలి, ఆ గట్టి వెలుగు కారు పైకప్పు వైపు పోతుంది, మన కంటికి గాజు ముందు వైపు నుంచి వచ్చే పల్చటి వెలుగే చేరుతుంది, అది పడిన వెలుగులో నూటికి 4 వంతులు మాత్రమే. రాత్రి కిటికీ గాజులో మన మొహం మసగ్గా కనబడుతుంది చూడండి, అదే సంగతి. లారీ లైట్లు రెండు చుక్కల్లా కనిపిస్తాయి, కళ్లు చెదరవు. ఇంత మంచి ఏర్పాటు కళ్లెదుటే ఉండగా నేను డ్రైవింగ్ నేర్చుకున్న చోట దీని గురించి ఒక్క మాట చెప్పలేదు.

సైడ్ అద్దాల సంగతీ అంతే. పదో తరగతిలో కుంభాకార దర్పణం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే, కానీ ఉబ్బెత్తు అద్దం ఎక్కువ మేర చూపించడం కోసం ప్రతిదాన్నీ చిన్నది చేస్తుందని, చిన్నగా కనిపించింది కాబట్టి దూరంగా ఉందని మన బుర్ర అనుకుంటుందని రోడ్డు మీద ఎవరికి గుర్తుంటుంది? చిలకపాలెం దగ్గర ట్రాక్టర్‌ని దాటబోయి కుడి అద్దంలో చూస్తే బస్సు ఎక్కడో ఉంది, బండి అటు తిప్పేలోపు హారన్ చెవి పక్కనే మోగింది. ఆ రోజు ఏమైనా జరిగుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. కొన్ని కార్ల అద్దం మీద ఈ హెచ్చరిక ఇంగ్లీషులో రాసి ఉంటుంది, అది మన ఊళ్లలో ఎంతమంది చదువుతారు?

1911లో అమెరికాలో జరిగిన ఇండియానాపోలిస్ 500 పందెంలో రే హారూన్ అనే ఆయన, వెనక చూసి చెప్పే మనిషిని ఎక్కించుకోకుండా కారుకి అద్దం బిగించుకుని వెళ్లి గెలిచాడు. అంటే అద్దం మన లారీ క్లీనర్ చేసే పని చేస్తోందన్నమాట. అలాంటిదాన్ని మన కుర్రాళ్లు బైకు కొన్న మర్నాడే ఊడదీసి ఇంట్లో పడేస్తున్నారు, చూస్తుంటే నిజంగా బాధేస్తోంది.

లైసెన్సు పరీక్షలో ఎనిమిది ఆకారంలో బండి తిప్పించడంతో పాటు ఈ మీట ఎందుకో, అద్దంలో బస్సు ఎంత దూరంలో ఉందో అడగండి. షోరూముల వాళ్లు తెలుగులో 'అద్దంలో కనిపించే దానికంటే బండి దగ్గరలో ఉంది' అని చిన్న స్టిక్కర్ అంటించి ఇవ్వండి. మీరు కూడా జిల్లా పేజీలో ఆ మీట బొమ్మ ఒక్కసారి వేయండి, పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపరు చూసే డ్రైవర్లకి కనబడుతుంది.

- ఒక పాఠకుడు, విజయనగరం