కొబ్బరికాయలు కొడితే ఓడలు రావు

సంపాదకులు గారికి,

నమస్కారం. నెల్లూరు వైపున్న దుగరాజపట్నంలో ఓడల తయారీ కేంద్రం వస్తుందని గత వారం మీ పత్రిక మొదటి పేజీలో వేశారు. చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. "రాస్తే మాత్రం వేస్తారా ఏంటి" అని మా ఆవిడ కూడా అంది. ఐదో రోజు మీ సంపాదకీయం వచ్చింది. శాతవాహనుల నాణెం మీదే ఓడ బొమ్మ ఉందని, ఓడలు కట్టడం మన రక్తంలోనే ఉందని. ఇక ఆగలేక కాగితం తీశాను.

నాణెం నిజమే. యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాప కొయ్యల ఓడ వేయించాడు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు వాళ్ళు నరసాపురం దగ్గర ఓడలు కట్టించుకున్న మాటా నిజమే. కాకినాడ దగ్గర ఓడలు కట్టిన కోరంగి సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ఆ నాణెం ఇప్పుడు చెల్లదు కదండీ. ఏ మంత్రి మైకు పట్టుకున్నా దాన్నే తీసి తుడిచి చూపిస్తున్నారు.

నేను ముప్ఫై ఆరేళ్ళు ఓడల మీద వెల్డింగు పని చేసినవాణ్ణి. ఏ యార్డులోనో చెప్పను, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్న మాట నాకెందుకు? ముందు మీ విలేకరికి ఒక మనవి. 'జలప్రవేశం' అయితే ఓడ తయారైపోయినట్టు రాస్తారు. అప్పుడు నీళ్ళలోకి దిగేది డొల్ల. పైపులు, కేబుళ్ళు, పంపులు, కేబిన్లు అన్నీ ఇంకా మిగిలే ఉంటాయి. డబ్బునీ కాలాన్నీ మింగేది ఆ పనే. మొదటి ఉక్కు ప్లేటు కోసినప్పుడు ఒక ఫంక్షను, కీల్ (ఓడకు వెన్నెముకలాంటి అడుగు దూలం) వేసినప్పుడు అడుగున నాణెం పెట్టి ఒకటి, నీళ్ళలోకి దించేటప్పుడు కొబ్బరికాయ కొట్టి ఒకటి, అప్పగించేటప్పుడు ఇంకొకటి. పెళ్ళికైనా ఇన్ని తంతులుండవు. ఒక తంతుకీ ఇంకో తంతుకీ మధ్య ఎన్నాళ్ళు పట్టిందో వాళ్ళు చెప్పరు, మీరు అడగరు. పోటీ అంతా ఆ మధ్యలోనే ఉంది.

కేంద్రం 2025 సెప్టెంబరులో ఓడల పరిశ్రమకు 69,725 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. తప్పనను. పెద్ద ఓడలకు మౌలిక వసతుల హోదా ఎప్పుడో ఇవ్వాల్సింది. అయితే 2015 డిసెంబరులో కూడా పదేళ్ళకని 4,000 కోట్ల పథకం వచ్చింది. పదేళ్ళూ గడిచాయి. ప్రపంచ ఓడల నిర్మాణంలో మన వాటా ఇప్పటికీ నూటికి ఒక వంతు లేదు. చైనా, కొరియా, జపాన్ మూడే నూటికి తొంభై వంతులు పట్టుకుపోతున్నాయి. ఆ 2015 పథకంలో సాయం చేతికొచ్చేది ఓడ అప్పగించాక. యార్డుకు డబ్బు కావలసింది కట్టేటప్పుడు! అన్నం తిన్నాక బియ్యం ఇస్తామన్నట్టుంది. 2030 నాటికి మొదటి పది దేశాల్లో, 2047 నాటికి మొదటి ఐదింట్లో ఉంటామట. 2047 నాటికి ఈ మాటన్నవాళ్ళని ఎవరు వెళ్ళి అడుగుతారు?

మా విశాఖలో బస్సు కండక్టర్లు ఇప్పటికీ "సింధియా, సింధియా" అని అరుస్తారు. అదేంటో ఈ కాలం పిల్లలకు తెలియదు. వాల్‌చంద్ హీరాచంద్ వాళ్ళ ఓడల కంపెనీ పేరది, ఇక్కడ యార్డు పెట్టింది వాళ్ళే. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చి శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో ఇక్కడ కట్టిన 'జల ఉష' ఓడను నెహ్రూగారు నీళ్ళలోకి దించారు. అప్పటికి కొరియాలో చెప్పుకోదగ్గ ఓడల పరిశ్రమ లేదు. 1952లో ప్రభుత్వం చేతికొచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది, 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్ళింది. మొన్న 2025 జూలైలో ఇదే యార్డు కట్టిన 'నిస్తార్' ఓడ నేవీలో చేరిన రోజు నాకూ ఛాతీ పొంగింది. కాకపోతే నేవీ ఓడ వేరు, బేరమాడి కొనుక్కునే సరుకు ఓడ వేరు.

ఇక ప్లేట్ల గోల. ముప్ఫై రెండు మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్నామని చెప్పుకునే ఉక్కు ఫ్యాక్టరీ ఈ ఊళ్ళోనే ఉంది. చువ్వలు చేస్తుంది, వైరు రాడ్లు చేస్తుంది, యాంగిళ్ళు చేస్తుంది. ఓడకు కావలసిన ప్లేటు మాత్రం చేయదు. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అంటే ఇదే. నేనున్న చోటికి ప్లేట్లు పక్క రాష్ట్రం నుంచి వ్యాగన్లలో వచ్చేవి. ఒక ఏడాది అడిగిన మందం రాలేదు, వచ్చిన మందంతో అప్పటికి పని లేదు. అవి రెండు వానాకాలాలు ఆరుబయట పడున్నాయి. అరచేత్తో రాస్తే కుంకంలా ఎర్రగా అంటుకునేది. తుప్పు రాల్చడానికి మళ్ళీ బ్లాస్టింగు, మళ్ళీ ప్రైమరు పూత. అంతా అయ్యాక నాణ్యత తనిఖీ చేసే సర్వేయరు వచ్చి, గుంట పడిన చోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టి, చేతులు దులుపుకుని వెళ్ళాడు. మేము ఆ సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. ఆ రోజులకూ బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది కదా! పెద్ద ఓడ మెయిన్ ఇంజను సంగతి ఇక చెప్పక్కర్లేదు, అది సముద్రం దాటి రావలసిందే.

కొరియా కథ ఎవరైనా సగమే చెబుతారు. హ్యుందాయ్ పెద్దాయన చుంగ్ జు-యుంగ్ ఒట్టి ఇసుక తీరం ఫొటో చూపించి, గ్రీకు ఓడల యజమాని లివనోస్ దగ్గర రెండు పెద్ద ట్యాంకర్లకు ఆర్డరు తెచ్చాడని, 1972లో ఉల్సాన్‌లో తవ్వకం మొదలుపెట్టి 1974 కల్లా యార్డునీ ఓడనీ కలిపి పూర్తి చేశాడని. రెండో సగం ఏమిటంటే, 1973లో చమురు సంక్షోభం వచ్చి మూడు ట్యాంకర్లు అడిగే నాథుడు లేక మిగిలిపోయాయి. ఏడుస్తూ కూర్చోలేదు. 1976లో సొంత షిప్పింగ్ కంపెనీ పెట్టుకుని వాటిని తామే నడిపారు. తమ దేశానికొచ్చే ముడి చమురు తమ ఓడల్లో రావాలని ప్రభుత్వం పట్టుబట్టింది.

మాకూ రిఫైనరీ ఉంది, మా ఇంటికి కూతవేటు దూరంలో. సాయంత్రాలు మనవణ్ణి తీసుకుని యారాడ వెళ్తాను. దూరంగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి. వాడు ఫోనులో ఏదో యాప్ తీసి ఒక్కోదాని జాతకం చదువుతాడు: చైనా, జపాన్, చైనా, కొరియా, మళ్ళీ చైనా. "మనది ఏదీ తాతా?" అని అడిగాడు ఒకసారి. చీకటి పడుతోందని చెప్పి ఇంటికి తీసుకొచ్చేశాను. విదేశీ ఓడలకు ఏటా 6 లక్షల కోట్ల దాకా కిరాయి కడుతున్నామని ప్రధానే భావనగర్ సభలో అన్నారు. ఆ సరుకులో ప్రభుత్వ కంపెనీలది ఎంత లేదు? ఒకే నమూనా ఓడలు పదింటికి ఒకేసారి ఆర్డరివ్వండి, ఒకే యార్డుకు. మొదటి ఓడ కట్టేటప్పుడు వెల్డరు డ్రాయింగు చూస్తాడు. మూడో ఓడకి చూడడు. ఐదో ఓడకి చెయ్యే దారి చూపిస్తుంది. మనమేమో పదేళ్ళలో పది రకాల ఓడలు తలో యార్డుకూ పంచి, ధర ఎందుకు ఎక్కువని కమిటీ వేస్తాం.

పనివాళ్ళు లేరంటారు మరి. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు వెళ్ళి చూడండి, ఇంటికొక వెల్డరు సింగపూర్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటాడు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడొకడు పండక్కి ఫోన్ చేసి, "మావయ్యా, ఇక్కడ పొద్దున పనిలోకి వెళ్ళేసరికి ప్లేటు రెడీగా ఉంటుంది" అన్నాడు. జీతం మాట తర్వాత చెప్పాడు.

దుగరాజపట్నం విషయానికే వస్తాను. అక్కడ కేంద్రమే పెద్ద రేవు కడుతుందని, 2018 చివరికి మొదటి దశ పూర్తవుతుందని 2014 విభజన చట్టంలోనే రాశారు. రేవూ లేదు, దశా లేదు. ఇప్పుడదే చోట ఓడలు కడతారట. సంతోషం, కట్టనివ్వండి. ఈసారి మీ విలేకరి శంకుస్థాపన ఫొటోతో సరిపెట్టకుండా మొదటి ఓడ ఎవరిది, ఆర్డరు చేతిలో ఉందా, ప్లేటు ఎక్కణ్ణుంచి వస్తుంది అని అడిగితే బాగుంటుంది.

వేస్తే మాత్రం తుంచి వేయకండి. పోయినసారి మా వీధి కాలువ గురించి రాస్తే కాలువ ముక్క తీసేసి 'అధికారులు స్పందించాలి' అన్న ఒక్క వాక్యం వేశారు.

ఇట్లు,
ఒక విశ్రాంత వెల్డింగ్ ఫోర్‌మన్,
మల్కాపురం, విశాఖపట్నం.