మంత్రి గారూ, పింఛను ఇంటికొస్తోంది, మందులకు మాత్రం పడిగాపులే

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

తిరుపతి నుంచి నమస్కారాలు.

ప్రభుత్వాస్పత్రిలో ముసలివాళ్ల కిటికీ తెరవడం లేదని కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కు పోయి అర్జీ ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. కొన్నాళ్లకు సమస్య పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆస్పత్రికి పోయి చూస్తే అదే లైను, అదే మూసిన కిటికీ. అందుకే నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను.

మేం గొంతెమ్మ కోరికలు కోరలేదండీ. ప్రభుత్వాస్పత్రుల్లో వయోవృద్ధులకు వేరే క్యూ ఉండాలని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం 20వ సెక్షన్‌లోనే ఉంది. మేం పోయే ఆస్పత్రిలో ఆ బోర్డయితే ఉంది. దాని కింద కిటికీ ఎప్పుడూ తెరవరు.

మా వీధిలో ఒక అవ్వ ఉంది. ఎనభై దాటాయి. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. కొడుకు బెంగళూరులో, కూతురు చెన్నైలో. నాకూ బీపీ మాత్రలు కావాలి కాబట్టి ఇద్దరం కలిసే పోతాం. ఓపీ చీటీ కావాలంటే ఫోన్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తెచ్చుకోమంటారు. ఆమె దగ్గరుండేది బటన్ ఫోను. ఇక లైనే గతి. నిలబడలేక చెప్పులు లైన్లో వదిలి గోడవారన కూర్చుంటుంది. లైను కదిలినప్పుడల్లా వెనకవాళ్లు ఆ చెప్పుల్ని కాలితో ముందుకు జరుపుతారు. చీటీ చేతికొచ్చాక డాక్టరు గది ముందు ఇంకో లైను, రక్తపరీక్షకు ఒకటి, మందులకు ఒకటి. షుగరు మనిషి పరగడుపున వచ్చి మధ్యాహ్నం దాకా అలా ఉంటే కళ్లు తిరిగి పడిపోదా? పడితే దిక్కెవరు? తీరా కిటికీ దగ్గరికి పోతే సగం మందులు బయట కొనుక్కోమంటారు.

పింఛను రూ.4,000 చేశారు, ఒకటో తేదీన ఇంటికే తెచ్చిస్తున్నారు. ఆ మేలు మరిచిపోం. ఆ డబ్బులే మందుల షాపుకు పోతున్నాయన్నదే మా బాధ. ముసలివాళ్లు పెరిగిపోతున్నారు, పిల్లల్ని ఎక్కువమందిని కనండని ముఖ్యమంత్రి గారే అంటున్నారు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధన కూడా 2024లో ఎత్తేశారు. పుట్టబోయేవాళ్ల గురించి అంత ఆలోచిస్తున్నారే, ఇప్పటికే ముసలివాళ్లమైన మా గతేంటి సార్?

ఆ కిటికీ తెరిపించండి. స్మార్ట్‌ఫోను లేనివాళ్లకు చీటీ రాసివ్వడానికి ఒక మనిషిని కూర్చోబెట్టండి. బీపీ, షుగరు మాత్రలు నెలకు సరిపడా ఇప్పించండి. దండం పెట్టి అడుగుతున్నాం, మళ్లీ మెసేజ్ మాత్రం పంపకండి. ఓపీ టైములో మీరే ఒకసారి రండి. ముందుగా ఎవరికీ చెప్పకుండా రండి సార్, చెబితే ఆ ఒక్కరోజుకు కిటికీ తెరిచి పెడతారు.

ఇట్లు,
ఒక సీనియర్ సిటిజన్,
తిరుపతి