దీపాలార్పిన ఆ రెండు నిమిషాలు

ఒరే మామా,

ముందు క్షమించు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటిపోయింది. మూడుసార్లు జవాబు మొదలుపెట్టాను, మూడుసార్లూ సగంలో ఆగిపోయింది. అమ్మ మోకాలు నయమైంది. ఇల్లు మారాం, వెలుతురు బాగా వచ్చే గది నా బల్లకి దక్కింది. ఉద్యోగం అలాగే ఉంది. పిల్లది సైకిలు నేర్చేసుకుంది. మిగతావి తరవాత. ఒక్క సంగతి నీకు చెప్పందే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న శనివారం మా వాచీల వాళ్ళం కలిశాం. ఎనిమిది మందిమి. మనం 'మూడు చుక్కలు' అని పేరు పెట్టిన పెద్దమనిషి కూడా వచ్చాడు. ఆయన వాక్యం ఇప్పటికీ పూర్తి కాదు. నువ్వు లేని లోటు నాకు అక్కడే బాగా తెలిసింది.

ఎప్పటిలాగే మాట డూప్లికేటు వాచీల మీదికి మళ్ళింది. ఈసారి మళ్ళించినవాడు ఓ కుర్రాడు. కొత్తగా చేరాడు. చేతికున్నది తీసి బల్ల మీద పెట్టి, "ఇది డూప్లికేటండీ, తెలిసే కొనుక్కున్నాను" అన్నాడు. చూడ్డానికి రోలెక్స్ సబ్‌మరీనర్ 5513. తేదీ ఉండదే, ఆ పాతది. 1962లో మొదలై 1980ల చివరిదాకా వచ్చింది, నువ్వు నోటుపుస్తకం వెనక అట్ట మీద బొమ్మ వేసుకున్నావు చూడు, అదే. డయలు మీది గంటల గుర్తులకి పాతబడినట్టు మీగడ రంగు కూడా వేసి మరీ చేశారు.

ఇక చూస్కో. ఒకాయన "ముందు దాన్ని బల్ల మీంచి తీయ్" అన్నాడు. ఇంకొకాయన ఒరిజినల్ బీరువాలో దాచి ప్రయాణాలకి డూప్లికేటే పెట్టుకుంటాడట, ఆ రోజే బయటపెట్టాడు. వాచీలు బాగుచేసే మాస్టారు ఊరుకుంటారా? "నా దగ్గరికి తేవద్దు. స్క్రూల తలలు మెత్తగా ఉంటాయి, తిప్పితే చెక్కుకుపోతాయి. ఆయిలు ఒకచోట వరదలా ఉంటుంది, ఒకచోట చుక్క ఉండదు. ఏదన్నా విరిగితే సామాను దొరకదు. డయలు మీద 200 మీటర్లని రాసి ఉంటుంది, చేతులు కడుక్కోవాలన్నా భయమే" అన్నారు. ఆయన విప్పి చూసిన మనిషి కాబట్టి ఆ మాటకి బరువుంది.

కుర్రాడు మాత్రం తగ్గలేదు. "ఒరిజినల్ కొందామంటే వెయిటింగ్ లిస్టంటారు. ఆ ఆకారం నాకు ఇష్టం. ఒరిజినలని ఎవరికీ చెప్పను, ఎవరికీ అమ్మను. నా వల్ల ఎవరికి నష్టం?" అన్నాడు. ఆ ప్రశ్న గుర్తుంచుకో. దానికి జవాబు నాకు ఆ రాత్రే దొరికింది, మాటల్లో కాదు.

మా డాక్టరు గారి గురించి ఇదివరకు రాశాను కదా, చాలా నెమ్మదస్తుడు. ఆయన చేతికి ఉన్నది అసలైన 5513. 1978 నాటిదని చెప్పి అమ్మారట. పదేళ్ళు డబ్బు కూడబెట్టి పాతది కొనుక్కున్నాడు. దాన్ని ఆయన విప్పి పక్కన పెట్టేటప్పుడు కూడా రెండు చేతులతో పెడతాడు. ఆయనే అన్నాడు, "ఆకారం చూసి ముచ్చటపడితే తప్పేముంది బాబూ? అదే ఆకారంలో తమ సొంత పేరు వేసుకుని చేసేవాళ్ళు ఎంతమంది లేరు! అవి పెట్టుకో. ఇంకొకరి పేరు ఎందుకు?" అని. నా మాటా అదే. బ్రెగే, ఆ పాతకాలపు గొప్ప వాచీల పనివాడు, బతికుండగానే ఆయన పేరుతో దొంగ వాచీలు వచ్చాయి. ఆ బాధ పడలేకే 1795 ప్రాంతంలో డయలు మీద కంటికి ఆనీ ఆనకుండా రహస్య సంతకం చెక్కించడం మొదలుపెట్టాడు. అంత పనివాడు వాచీ చేసే సమయంలో కొంత దొంగల కోసం ఖర్చు పెట్టాల్సి వచ్చిందంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

సరే, ఆ వాదన అలా ఉంచు. "రెండూ పక్కపక్కన పెడితే ఎవరు పోల్చగలరు?" అన్నారెవరో. చైన్లు తీసేసి రెండింటికీ ఒకేలాంటి నల్ల బట్ట పట్టాలు వేశారు. డాక్టరు గారూ కుర్రాడూ తప్పుకున్నారు. మిగిలిన ఆరుగురం ఒక్కొక్కళ్ళం చూసి చీటీ రాయాలి.

నలుగురు డూప్లికేటునే ఒరిజినల్ అని రాశారు మామా! కారణం విను. "సెకన్ల ముల్లు జారినట్టు సాఫీగా పోతోంది కాబట్టి ఇదే అసలుది." అందరం అలా అనుకుంటూనే పెరిగాం కదా. కానీ ఈ మోడల్లో సంగతి తలకిందులు. అసలు 5513లో ఆ రోజుల్లో వేసిన 1520 మెషీను గంటకి 19,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి అయిదున్నర. కుర్రాడి దాంట్లో ఉన్నది ఈటీఏ 2824 అనే స్విస్ మెషీనుకి నకలు, అది గంటకి 28,800, సెకనుకి ఎనిమిది. అందుకని నకిలీదే నున్నగా నడుస్తుంది. నేను మనం అప్పట్లో ఆడిన ఆటే ఆడాను: కళ్ళు మూసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. ఒకటి గబగబా, ఒకటి నింపాదిగా. చీటీ రాయడానికి అర నిమిషం పట్టలేదు. నేనూ మాస్టారూ సరిగ్గా రాశాం. పెద్దముల్లూ, నువ్వుంటే ముగ్గురం అయ్యేవాళ్ళం.

ఇక్కడిదాకా సరదాగానే ఉంది. ఇప్పుడు అసలు సంగతి.

కుర్రాడు బాగా చదువుకున్నవాడు. "దీపాలార్పితే ఇంకో తేడా చూపిస్తాను. నాది కొత్త లూమ్, అంటే చీకట్లో వెలిగే పూత, టార్చి వేస్తే చాలాసేపు వెలుగుతుంది. డాక్టరు గారిది ట్రిటియం, ఆ పాతకాలపు రేడియోధార్మిక పూత, ఇప్పుడిక వెలగదు" అన్నాడు. నిజమే. ఆ కాలం డయళ్ళ అడుగున 'స్విస్' పక్కన టి, 25 కంటే తక్కువ అని గుర్తు ఉంటుంది, అది ట్రిటియం గుర్తే. దాని సత్తువ పన్నెండేళ్ళు దాటగానే సగానికి పడిపోతుంది, నలభై ఏళ్ళు పోయేసరికి పదో వంతు మిగులుతుంది. పైగా దాంతో కలిపిన మెరిసే పొడి కూడా ఈలోపు చచ్చిపోతుంది. టార్చి వేస్తే ఒక్క క్షణం మెరిసి ఆరిపోవాలి.

టార్చి వేశాం. దీపాలార్పాం.

రెండూ వెలుగుతున్నాయి మామా.

పన్నెండు గంటల దగ్గర ముక్కోణం, మూడు, ఆరు, తొమ్మిది దగ్గర గీతలు, మధ్యలో చుక్కలు, రెండు వాచీల మీదా ఒకే ఆకుపచ్చ. పది సెకన్లు, ఇరవై, నిమిషం. ఆరలేదు. ఆ చీకట్లో నా గుండె చప్పుడు నాకే వినపడింది. పక్కన మాస్టారు గొంతు సవరించుకున్నారు, ఏమీ అనలేదు. అప్పుడు డాక్టరు గారి గొంతు, ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను, "చూశారా! నలభై ఏళ్ళు దాటినా ఎలా వెలుగుతోందో! పాతకాలం పనితనం!" అన్నాడు.

ఎవరం నోరు మెదపలేదు. దీపం వేశాక కుర్రాడి ముఖం చూశాను. తెల్లబోయి ఉన్నాడు. వాడికి అర్థమైంది. వాదనలో గెలవడానికి అంతకన్నా మంచి అవకాశం వాడికి దొరకదు. అయినా, "అవునండీ, చాలా బాగుంది" అని తన వాచీ తీసి జేబులో వేసుకున్నాడు. వాడి మీద నాకున్న కోపం ఆ నిమిషంలో పోయింది. వాచీ మీద పోలేదు.

వెళ్ళేటప్పుడు డాక్టరు గారు తన వాచీ నా చేతిలో పెట్టి, "కొంచెం నెమ్మదిస్తోంది, ఆయిలు మార్చి ఇవ్వండి" అన్నాడు. అలా అది నా బల్ల మీదికి వచ్చింది. నాలుగు రోజులుగా దాన్ని చూస్తూ కూర్చున్నాను.

వెనక మూత తీశాను. మెషీను నికార్సైనది. 1520 అని చెక్కుంది, చక్రాలని పట్టి ఉంచే వంతెనల అంచులు చూస్తే చేయెత్తి దండం పెట్టాలనిపించింది. కేసూ నమ్మకంగానే ఉంది. డయలు ఒక్కటే. ఎవరైనా పాత రంగు గీకి కొత్తది పూశారేమో అని మొదట ఆశపడ్డాను, అలా కూడా చేస్తారు. కంపెనీవాళ్ళే తరవాత మార్చారేమో అనుకుందామంటే, ఈ లూమ్ వేసిన డయలు మీద వాళ్ళు ఆ టి గుర్తు ఉంచరు. కంటికి లూపు, అదే చిన్న భూతద్దం, పెట్టి చూశాను. '660 అడుగులు = 200 మీటర్లు' అని ఉంటుంది కదా, 200లో రెండో సున్నా పక్కన సిరా చుక్క ఒకటి, ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. అచ్చు పడినప్పుడు అంటుకున్నది.

మనసాగక కుర్రాడికి ఫోన్ చేసి, వాడి డయలు దగ్గరగా ఫొటో తీసి పంపమన్నాను. పంపాడు. అదే సున్నా. అదే పక్క. అదే చుక్క.

ఒకే అచ్చులోంచి వచ్చిన డయళ్ళు మామా అవి! ఒకటి డూప్లికేటులో కూర్చుంది, ఇంకొకటి నలభై ఏళ్ళ మెషీను మీద కూర్చుని పెద్దమనిషిని మోసం చేసింది. పాత డయలు ఏమైందో! విడిగా అమ్ముకుని ఉంటారు, పాత డయళ్ళకి ఎంత గిరాకీయో నీకు తెలుసు. ఎవరికి నష్టం అని అడిగాడు కదా కుర్రాడు. ఇదిగో. డూప్లికేటు తన డబ్బాలో తను ఉండదు. దాని డయలూ, ముళ్ళూ, అద్దం చుట్టూ ఉండే బెజెలూ విడివిడిగా బయటికి వచ్చి అసలు వాటిలో కలిసిపోతాయి. రేపు మనం ఏ పాత వాచీ చేతిలోకి తీసుకున్నా ముందు అనుమానమే పుడుతుంది, సంతోషం తరవాత. ఇన్నాళ్ళూ నేను పేరు దొంగతనం అని మాత్రమే వాదించాను. ఇప్పుడు నాకు పట్టింది ఈ అనుమానం. మనిద్దరం ఆ మొదటి వాచీ విప్పినప్పుడు ఒక్క క్షణమైనా అనుమానించామా చెప్పు? స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోతే రాత్రంతా... సరే, అది నీకు గుర్తుండే ఉంటుంది.

ఈ సంగతి ఫోన్లో చెప్పాక కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అన్నా, నాది విరగ్గొట్టేయనా?" అన్నాడు. వద్దన్నాను. ఆ డయలు దాచు, చూపించడానికి పనికొస్తుంది అన్నాను. సరిగ్గానే చెప్పానా?

మాస్టారేమో డాక్టరు గారికి చెప్పొద్దంటారు. "ఈ వయసులో ఆయనకెందుకు ఆ బాధ, వాచీ నడుస్తోంది, మెషీను అసలుదే, వదిలెయ్" అని. రెండు రోజులు నేనూ అదే అనుకున్నాను. కానీ రేపు ఆయన అవసరపడి అమ్మబోతే? కొనేవాడు లూపు పెట్టి చూసి ఆయన్నే దొంగ అంటే? పదేళ్ళు కూడబెట్టిన మనిషిని! ఆ మాట ఆయన పరాయివాడి నోట వినకూడదు. ఇవాళ సాయంత్రం వాచీ తీసుకోడానికి వస్తానన్నారు. చెప్పేస్తాను మామా. ఎలా మొదలుపెట్టాలో తెలీదు. గదిలో దీపం ఆర్పి, టార్చి వేసి, మన దగ్గరున్న ఆ పాత ట్రిటియం డయలు, అదే నువ్వు 'గుడ్డి చందమామ' అనేవాడివే, దాన్ని పక్కన పెడితే... ఆయనే చూసుకుంటారేమో. ఒకటి ఆరిపోతుంది, ఒకటి ఆరదు.

మెషీను మాత్రం శుభ్రం చేసి ఆయిలు వేసి రోజుకి నాలుగు సెకన్ల తేడాలోకి తెచ్చాను. అదొక్కటే నేను ఆయనకి ఇవ్వగలిగింది.

నువ్వు నీ సీకో వాచీ గురించి అడిగావు, దాని బ్యాలెన్స్ కాక్ దగ్గర

గేటు చప్పుడైంది. ఆయనే. సీకో సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను, ఇది ఇలాగే పోస్టు చేసేస్తున్నాను.

నీ
చిన్నముల్లు