ఏం చేశావని అడిగి, చివరిదాకా విన్నవాళ్లకి

నేను చర్లపల్లి సెంట్రల్ జైలు నుంచి బయటికొచ్చి నిన్నటికి ఏడాది. ఈ ఏడాది నన్ను నిలబెట్టిన ముగ్గురికి ఎదురుగా థాంక్స్ చెప్పబోతే ప్రతిసారీ గొంతు పట్టేస్తోంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందు నా సంగతి. పొలం గట్టు తగాదాలో మా పెదనాన్న కొడుకుని పార కర్రతో తల మీద కొట్టాను. అన్న బతికాడు, కానీ ఎడమ చెయ్యి ఇప్పటికీ సరిగ్గా లేవదు. నాకు 5 ఏళ్ల శిక్ష పడింది. తప్పు నాదే, నన్నెవరూ ఇరికించలేదు.

బయటికొచ్చాక నాకు అర్థమైంది ఒకటే. జనం దృష్టిలో జైలుకెళ్లడమే ఒక నేరం. ఎందుకు వెళ్లాడన్నది ఎవరికీ అక్కర్లేదు. కొట్టినవాడైనా, చెక్ బౌన్స్ అయినవాడైనా, జేబులు కొట్టినవాడైనా అందరూ ఒకటే. నేను ఒకరి రూపాయి ముట్టుకున్నవాణ్ణి కాదు. అయినా నన్ను చూడగానే జనం చెయ్యి పర్సు మీదకి పోయేది. ఒక ఇంటాయన విషయం తెలిశాక అడ్వాన్స్ తిరిగిచ్చాడు. నోట్లు నా చేతిలో పెట్టలేదు, అరుగు మీద పెట్టి లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. అవి గాలికి ఎగురుతుంటే మా ఆవిడ వంగి ఏరుకుంది. ఆ రోజు నేను తనవైపు చూడలేకపోయాను.

అద్దెకి అడిగిన నాలుగో ఇల్లు ఒక పెద్దావిడది, ఆవిణ్ణి నేను అమ్మా అని పిలుస్తాను. ఈసారి దాచదలచుకోలేదు. "జైలు నుంచి వచ్చినోణ్ణమ్మా" అని గేటు దగ్గరే చెప్పేశాను. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చేతులు ఆగలేదు.

"ఏం చేసి పోయినవ్ బిడ్డా?"

చెప్పాను. మొత్తం విని, "ఆ పిలగానికి ఇప్పుడెట్లుంది?" అంది. అప్పటిదాకా దెబ్బ తిన్న మనిషి గురించి నన్ను అడిగినవాళ్లే లేరు. చెయ్యి సంగతి చెప్పేసరికి ఏడుపొచ్చింది. అమ్మ చేట నావైపు జరిపి, "ఇవి తియ్యి, తాళంచెవి తెస్తా" అని లేచింది.

నేను పనిచేసే బేకరీ ఓనర్, ఆయన్ని అన్నా అంటాను, ఆయన కూడా అంతే. పని జైల్లోనే నేర్చుకున్నాను, అక్కడి బేకరీలో. అన్న అడిగాడు, విన్నాడు, మిగతా కుర్రాళ్లకి కూడా నా ముందే చెప్పాడు. నెల తిరక్కుండానే గల్లాలో కూర్చోమన్నాడు. వద్దన్నా, ఒక్క పది రూపాయలు తేడా వచ్చినా అందరూ నావైపే చూస్తారన్నాను. "చంచల్‌గూడలో జైళ్ల శాఖ పెట్రోల్ బంకు ఉంది కదా. అక్కడ ఖైదీలూ, విడుదలైనవాళ్లూ పనిచేస్తారు. నేను వాళ్లకి డబ్బులిచ్చి చిల్లర తీసుకుంటా. నీ దగ్గరేంది భయం?" అన్నాడు.

మొన్న వానాకాలంలో మా వీధిలో ఒకే రాత్రి రెండు బైకులు పోయాయి. ముందు నన్నే పిలిచారు స్టేషన్‌కి. వెళ్లాను. కాసేపటికి ఆటో దిగి అమ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి, ఏమీ మాట్లాడకుండా బెంచీ మీద నా పక్కన కూర్చుంది. అన్న సీసీ కెమెరా వీడియో తెచ్చాడు, ఆ టైంలో నేను ఓవెన్ దగ్గరున్నట్టు. ఒంటిగంట దాటాక ముగ్గురం ఒకే ఆటోలో ఇంటికొచ్చాం.

మూడో మనిషి లాయర్ మేడం. నాకు లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు. జైల్లో ఉన్నవాళ్లెవరైనా ఉచితంగా లాయర్‌ని అడగొచ్చని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడ ఒక్క రూపాయి తీసుకోకుండా కేసు చూశారు, మా ఆవిడ ఫోన్ చేసిన ప్రతిసారీ ఎత్తారు. మీవాళ్లెవరైనా లోపలుంటే ఉచిత న్యాయ సహాయం నంబర్ 15100కి ఫోన్ చేయండి. ఇది తెలియకే చాలా ఇళ్లలో పుస్తెలు తాకట్టుకి పోతున్నాయి.

నన్ను మొదట రిమాండ్‌కి పంపింది నల్గొండ జిల్లా జైలుకి. పక్కనున్న కుర్రాడికి బెయిల్ వచ్చింది. జమానతు ఉండేవాళ్లు దొరకలేదు, ఇంటి పన్ను రసీదు ఇచ్చేవాళ్లు లేక అక్కడే ఉండిపోయాడు. మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి దాదాపు 76 మంది ఇంకా విచారణలో ఉన్నవాళ్లేనని 2022 ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. అంటే వాళ్లు తప్పు చేశారని ఇంకా ఏ కోర్టూ చెప్పలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటూ ఆ కుర్రాడి చెల్లెలి సంబంధం వెనక్కి పోయింది. తప్పు చేసిన నాకు ఇల్లు దొరికింది, పని దొరికింది. ఆ కుర్రాడికి ఏం దొరికిందో అని రోజూ అనుకుంటాను.

అమ్మా, అన్నా, మేడం, మీరు నన్ను మంచోడన్నందుకు కాదు ఈ కృతజ్ఞతలు. మీరు ఆ మాట అనలేదు కూడా. ఏం చేశావని మొహం మీద అడిగారు, చెప్పింది విన్నారు. మా పాప ఇప్పుడు బడిలో మా నాన్న బేకరీలో చేస్తాడని చెప్పుకుంటోంది.

బేకరీలో ఇంకో ఇద్దరు కావాలి. లోపలి నుంచి వచ్చినవాళ్లయినా సరే, దాచకుండా చెబితే చాలని అన్న రాయమన్నాడు. పొద్దున నాలుగింటికే పిండి కలపాలి, అంత పొద్దున లేవగలిగినవాళ్లే కింద రాయండి.