వంటగది గోడకు 22 మీటర్లలో పెట్రోల్ బంకు: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మా కాలనీ మొదట్లోని ఖాళీ స్థలంలో పెట్రోల్ బంకు వస్తోందని తెలిసి మూడు సోమవారాలు గ్రీవెన్స్‌లో అర్జీలిచ్చాం. రసీదులున్నాయి, జవాబు లేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాం.

ట్యాంకు కోసం సున్నంతో గీసిన గీత నుంచి పక్కింటి వంటగది గోడ దాకా టేపు పట్టి కొలిచాం. 22 మీటర్లు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతానికి 50 మీటర్ల దూరం ఉండాలి. స్థలం ఇబ్బంది ఉంటే అదనపు జాగ్రత్తలతో 30కి తగ్గించవచ్చు, అంతకన్నా దగ్గర కుదరదు. ఆయిల్ దించే చోటు, పంపులు, ట్యాంకు ఆవిరి బయటికి పోయే వెంట్ పైపు, వీటిలో ఏది దగ్గరైతే దాని నుంచే కొలవాలి. రోడ్డు మధ్య నుంచి కాదు.

ఆ వంటగదిలో వండుకునే పెద్దావిడకు ఆస్తమా. పెట్రోల్ ఆవిరిలో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. రాత్రిపూట ట్యాంకర్ వస్తే కిటికీ మూయాలా, తెరవాలా అని ఆవిడకు ఇప్పటి నుంచే టెన్షన్. మేం బంకులకు వ్యతిరేకం కాదు, మాకూ బండ్లున్నాయి.

పెట్రోలియం నిబంధనలు, 2002 ప్రకారం బంకుకు ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) ఇవ్వాల్సింది మీరే. సర్వేయర్‌ను పంపి మా సమక్షంలో కొలిపించండి. అప్పటిదాకా ఎన్‌వోసీ ఆపండి. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
కాలనీవాసులు