కప్పు గెలిచిన క్లబ్బులూ మూతపడ్డాయి

సంపాదకులకు,

విశాఖకు సొంత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బు కావాలన్న కోరిక ఇక్కడి ఆటగాళ్లలో ఎప్పటి నుంచో ఉంది. రావాలి కూడా. అయితే జెర్సీ రంగు, కోచ్ పేరు కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అవి అడక్కపోతే ఏమవుతుందో తెలియాలంటే రొమేనియాలోని ఉనిరియా ఉర్జిచేన్ చరిత్ర చూడాలి.

ఉర్జిచేన్ రాజధాని బుకారెస్ట్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని చిన్న పట్టణం. జనాభా సుమారు పదిహేను వేలు, అంటే మన విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో ఒక వార్డుకు మించదు. 1954లో పుట్టిన ఈ క్లబ్బు 2006లో గానీ మొదటి డివిజన్‌కు చేరలేదు. 1998 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌పై చివరి నిమిషంలో గోల్ కొట్టిన డాన్ పెట్రెస్కు కోచ్‌గా వచ్చాక, 2008–09లో ఏకంగా దేశ ఛాంపియన్ అయింది. ఆ మరుసటి సీజన్‌లోనే యూరప్ మేటి క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఆడింది. సొంత మైదానం చిన్నది కావడంతో యూరప్ మ్యాచ్‌లను బుకారెస్ట్‌లోని స్టెవా స్టేడియంలో ఆడాల్సి వచ్చింది. అయినా 2009 అక్టోబరు 20న గ్లాస్గోలో స్కాట్లండ్ క్లబ్బు రేంజర్స్‌ను వాళ్ల గడ్డ మీదే 4–1తో ఓడించింది. ఆట మొదట్లోనే ఒక గోల్ వెనకబడి కూడా! తర్వాత స్పెయిన్ క్లబ్బు సెవియాపై 1–0తో గెలిచింది. రెండు గెలుపులు, రెండు డ్రాలు, మొత్తం 8 పాయింట్లతో గ్రూపులో మూడో స్థానం.

ఆ ఏడాది యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య (యూఫా) లెక్క ప్రకారం గ్రూపు దశకు చేరిన ప్రతి క్లబ్బుకూ 71 లక్షల యూరోలు, గెలుపుకు 8 లక్షలు, డ్రాకు 4 లక్షలు. అంటే టీవీ వాటా కాకుండానే ఉర్జిచేన్‌కు 95 లక్షల యూరోలు రావాలి. అంత చిన్న ఊరి క్లబ్బు పదేళ్లు నిలదొక్కుకోవడానికి అది పునాది కావాల్సిన సొమ్ము. కానీ క్లబ్బు నడిచేది ఒక్క యజమాని ఇష్టం మీద. 2009 డిసెంబరులో పెట్రెస్కు రష్యా వెళ్లిపోయాడు. 2010లో జట్టుకు వెన్నెముక లాంటి గలమాజ్, బ్రాందాన్, బిలాష్కో సహా ఆటగాళ్లు గుంపుగా బుకారెస్ట్ క్లబ్బు స్టెవాకు తరలిపోయారు. ఖాళీ అయిన జట్టు 2010–11లో దిగువ డివిజన్‌కు జారిపోయింది. 2011లో క్లబ్బే రద్దయింది. ఛాంపియన్‌షిప్ గెలిచిన రెండేళ్లకే!

ఎక్కడో యూరప్ సంగతి అనుకోవద్దు. మన దేశంలో 2010లో మహీంద్రా యునైటెడ్, 2011లో జేసీటీ క్లబ్బులు మూతపడ్డాయి. 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల బకాయిలతో, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా పెట్టిన నిషేధంతో చితికిపోయి, 2025లో ఢిల్లీకి వెళ్లి పేరే మార్చుకుంది. ఒకప్పుడు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన పోలీసు జట్టు ఊరది. అక్కడే నిలవనిది ఇక్కడ దానంతటదే నిలుస్తుందా?

విశాఖలో పోర్టు, స్టీల్‌ప్లాంట్, రైల్వే జట్లలో ఆడినవాళ్లకు ఒక ధీమా ఉండేది: జట్టు పోయినా ఉద్యోగం ఉండేది. ప్రైవేటు క్లబ్బులో ఆటగాడికి ఉన్నది ఒప్పందం కాగితమే. కాబట్టి క్లబ్బు పెడతామని వచ్చేవారిని మొదట ఒక్కటి అడగాలి: సీజన్ మొత్తం జీతాలకు బ్యాంకు గ్యారంటీ ఉందా? నెలకు 20 లక్షల జీతాలు, తొమ్మిది నెలల సీజన్ అయితే కోటీ 80 లక్షలకు గ్యారంటీ చూపాలి. స్పాన్సర్ ఇచ్చే మాట గ్యారంటీ కాదు. మొదట్లో జీతాలు సవ్యంగానే పడినా, తర్వాత ఆలస్యాలు మొదలుకావచ్చు.

ఆటగాళ్లూ హక్కు తెలుసుకోవాలి. రెండు నెలల జీతం ఆగితే క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, 15 రోజుల్లో చెల్లించకపోతే ఒప్పందం రద్దు చేసుకునే వీలు ఫిఫా నిబంధనల్లో ఉంది. ఫోన్‌లో అడిగితే చాలదు. నోటీసు అందినట్టు రుజువు దాచుకోవాలి.

అకాడమీలు నడిపేవారు ఇంకో పని ఇప్పుడే చేయాలి. పిల్లలకు 12 ఏళ్లు నిండే ఏడాది నుంచే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆన్‌లైన్ నమోదులో అసలు పుట్టిన తేదీతో, సీజన్‌వారీగా పేరు నమోదు చేయాలి. ఆ పిల్లవాడు ఎప్పుడైనా విదేశీ క్లబ్బుకు బదిలీ అయితే, ఆ సొమ్ములో 5 శాతం అతడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచుతారు. నమోదు లేని ఏళ్లకు శిక్షణ ఇచ్చినట్టు నిరూపించడం చాలా కష్టం. వయసు తగ్గించి రాయించే పాత అలవాటు ఇక్కడే మెడకు చుట్టుకుంటుంది.

కొత్త క్లబ్బు ప్రారంభం వార్త వేసినప్పుడు యజమాని ఫొటోతో పాటు ఈ వివరాలు కూడా అడిగి అచ్చువేయమని మీ క్రీడావిభాగాన్ని కోరుతున్నాం: వాటాలు ఎవరి పేరున ఎంత, బ్యాంకు గ్యారంటీ ఎన్ని నెలలకు, మైదానం లీజు ఎన్నేళ్లకు, యజమాని తప్పుకుంటే క్లబ్బు పేరూ ఆటగాళ్ల నమోదూ ఎవరి చేతికి వెళ్తాయి.

— కొందరు ఫుట్‌బాల్ అభిమానులు, విశాఖపట్నం