కాపులుప్పాడకూ ప్రజలను తీసుకెళ్లండి

సంపాదకులకు నమస్కారం.

సింగపూర్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, సెమకావ్ అనే దీవిలో పక్షులను, ప్రకృతిని చూపించే ఒకరోజు యాత్రకు వెళ్లివచ్చాను. ఆ దేశపు చెత్త చివరికి చేరేది ఆ దీవికే. మన జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ), అటవీ శాఖ కలిసి అలాంటి యాత్రను విశాఖలోనూ, మన చెత్త చేరే కాపులుప్పాడకు నడపవచ్చునన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

సింగపూర్‌కు దక్షిణంగా 8 కిలోమీటర్ల దూరంలో సెమకావ్, సకెంగ్ అనే రెండు చిన్న దీవుల నడుమ ఉన్న సముద్రాన్ని 7 కిలోమీటర్ల రాతికట్టతో చుట్టి, లోపలి నీరు బయటికి ఊరకుండా ఆ కట్టకు ప్లాస్టిక్ పొర, సముద్రపు బంకమట్టి పరిచి, మొత్తం 350 హెక్టార్లలో ఈ చోటును ఏర్పరిచారు. 1999 ఏప్రిల్ 1 నుంచి ఇది పనిచేస్తోంది. కాలే చెత్తను నగరంలోని ప్లాంట్లలో ముందే కాల్చేయడం వల్ల దాని పరిమాణం పదో వంతుకు తగ్గిపోతుంది. మిగిలిన బూడిద, కాలని వ్యర్థాలు మాత్రమే బార్జీల మీద దీవికి చేరతాయి. 2005 జులై నుంచి సందర్శకులనూ అనుమతిస్తున్నారు.

మా గైడు మమ్మల్ని ముందు బూడిద నింపే మడుగుల దగ్గరికి తీసుకెళ్లారు. సగం పూడిన మడుగులో ఒకవైపు ఆకుపచ్చని సముద్రపు నీరు, మరోవైపు తడిసి నల్లబడిన బూడిద గట్టు కనిపించాయి. పూర్తిగా నిండి మట్టి కప్పిన చోట గడ్డి ఏపుగా పెరిగింది. దుర్వాసన లేదు, కాకుల గోల లేదు. కుళ్లే తిండి లేని చోటికి అవి ఎందుకు వస్తాయి? కట్ట కట్టేటప్పుడు పోయిన మడ చెట్లకు బదులు 13 హెక్టార్లకు పైగా కొత్త మడ మొక్కలు నాటారు. లోపలి కలుషిత నీరు ఎప్పుడైనా బయటికి ఊరితే ముందు వాడిపోయేవి ఆ చెట్లే కనుక, వాటి పచ్చదనమే కట్ట పటిష్ఠతకు సాక్ష్యమని గైడు వివరించారు. ఆ మడ చెట్ల అంచున, మన నారాయణ పక్షి కంటె పెద్దదైన గ్రేట్ బిల్డ్ హెరాన్‌ను టెలిస్కోపులో చూశాము. చాలాసేపు కదలకుండా నిలబడిన ఆ కొంగ ఒక్కసారిగా మెడ చాచి చేపను పట్టి, తల పైకెత్తి మింగింది. తెల్లని తల, ఇటుకరంగు రెక్కల గరుడ పక్షి కూడా కనిపించింది కానీ, మన ఫిషింగ్ హార్బర్ మీద రోజూ తిరిగే పక్షే కావడంతో నాకు అంత వింత అనిపించలేదు.

విశాఖలోనూ సముద్రాన్ని పూడ్చమని నేను కోరడం లేదు. చోటు లేక వాళ్లు ఆ పని చేశారు. ఆ దీవి కూడా 2035 వరకే సరిపోతుందని వాళ్ల అంచనా. మనం తీసుకోవలసింది చెత్తనూ పక్షులనూ ఒకే రోజున, ఒకే గైడు చేత జనానికి చూపించే ఆ పద్ధతిని. మన చెత్త చేరే కాపులుప్పాడ యార్డు, అక్కడే ఉన్న చెత్త నుంచి విద్యుత్తు తయారుచేసే ప్లాంటు, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు ఒకదానికొకటి దూరమేమీ కావు. యార్డు మీద తిరిగే నల్ల గద్దలను, కొంగలను చూసిన పిల్లలు, అదే పూట నదీముఖం దగ్గర బురదలో మేత వెతుక్కునే ఉల్లంకి పిట్టలను కూడా చూస్తే, కుళ్లిన తిండి కోసం మూగే పక్షులకూ, శుభ్రమైన నీటిని వెతుక్కుని వచ్చే పక్షులకూ ఉన్న తేడాను పాఠం చెప్పకుండానే గ్రహిస్తారు.

దుర్వాసన, భద్రత అనే కారణాలతో అధికారులు అభ్యంతరం చెప్పవచ్చు. కానీ తడి చెత్త, పొడి చెత్త వేరుచేయమని ఇంటింటికీ తిరిగి చెబుతున్నప్పుడు, అవి కలిసిపోతే ఏమవుతుందో కంచె బయటి నుంచైనా చూపించకపోతే ఆ మాట ఎవరి చెవికెక్కుతుంది? వలస పక్షులు వచ్చే శీతకాలపు ఆదివారాల్లో ఒక బస్సు, రెండు టెలిస్కోపులు, ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విద్యార్థుల్లో ఆసక్తి ఉన్న ఇద్దరు ముగ్గురు ఉంటే మొదలుపెట్టడానికి చాలు. నామమాత్రపు రుసుము పెట్టినా జనం వస్తారు. ప్లాస్టిక్ సీసాలను మాత్రం బస్సు ఎక్కేటప్పుడే తీయించేయాలి.

ఇంకొక్క విన్నపం. బస్సు బయల్దేరే వేళను కార్యాలయాల సౌకర్యాన్ని బట్టి కాక, సముద్రపు ఆటుపోట్లను బట్టి నిర్ణయించాలి. నిండు పోటు వేళ తీసుకెళ్తే బురద మేటలన్నీ మునిగిపోయి, పక్షులు దూరంగా లేచిపోయి, వచ్చినవాళ్లకు ఉత్త నీళ్లే కనిపిస్తాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం